పైపులైను దారిలో గిరిజన గ్రామం: అడగవలసింది ఎవరిని?

ఈ ప్రసంగంలో మనం పరిశీలించబోయే అంశం చూడటానికి చిన్నది. ఒక గిరిజన గ్రామం పొలాల కిందుగా, అడవి కిందుగా ఒక పైపులైను వెళ్లవలసి వచ్చింది అనుకుందాం. ఆ గ్రామాన్ని ముందుగా అడగాలా? అడిగితే, ఊరు "వద్దు" అంటే ఆ మాటకు చట్టంలో విలువ ఉందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ వెళితే మన రాజ్యాంగం, మన మన్యం చరిత్ర, ఢిల్లీలో వెలువడిన రెండు సుప్రీంకోర్టు తీర్పులు, ఒక మంత్రిత్వ శాఖ రాసిన ఒక ఉత్తరం వరుసగా ఎదురవుతాయి.

1. గొట్టం రెండు చివరలు, మధ్యలో ఊళ్లు

మొదట ఢిల్లీ సంగతే తీసుకుందాం. నగరంలో గాలి పాడైపోతున్నదని 1998 జూలైలో సుప్రీంకోర్టు బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చమని ఆదేశించింది. 2002 చివరికల్లా ఆ పని పూర్తయింది. ఈ మధ్య విద్యుత్ బస్సులు వస్తున్నా, రాజధాని ప్రాంతంలో ఆటోలు, టాక్సీలు, ఎన్నో ఇళ్లలో వంట పొయ్యిలు ఇప్పటికీ సహజవాయువు మీదే నడుస్తున్నాయి. ఉత్తర భారతానికి ఆ వాయువును తెచ్చిన మొదటి పెద్ద మార్గం గుజరాత్ తీరంలోని హజీరా నుంచి మధ్యప్రదేశ్ లోని విజయ్‌పూర్ మీదుగా ఉత్తరప్రదేశ్ లోని జగదీశ్‌పూర్ కు 1980లలో వేసిన పైపులైను. ఈ మార్గాన్ని వేయడానికే 1984లో గెయిల్ సంస్థను స్థాపించారు.

ఆ పైపులైను దారిలో మధ్యప్రదేశ్ లోని ఝాబువా జిల్లా ఉంది. అది భిల్లుల ప్రాంతం, రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. వాయువు సముద్రం దగ్గర బయలుదేరి నగరంలో వెలుగుతుంది. మధ్యలో ఉన్న ఊరికి అది నేల కింద నుంచి పోయే ఒక గొట్టం మాత్రమే. లాభం చివర్లలో, భారం మధ్యలో. పైపులైను వివాదాలు ప్రపంచంలో ఎక్కడ తలెత్తినా వాటి మూలం చాలా వరకు ఇక్కడే ఉంటుంది.

తెలుగువారికి కూడా పైపులైను కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ లోని బైలడిలా కొండల దగ్గరున్న కిరండోల్ నుంచి ఒడిశా మల్కాన్‌గిరి జిల్లా మీదుగా విశాఖపట్నం వరకు 267 కిలోమీటర్ల పైపులైను ఉంది. ఇనుప ఖనిజాన్ని మెత్తగా నూరి, నీటిలో కలిపి, ఆ ముద్దనీటిని గొట్టంలో తోసి తీరానికి చేరుస్తారు. దీనినే స్లర్రీ పైపులైను అంటారు. లారీలు, రైళ్ల కంటే ఇది చవక. అయితే ఆ దారిలో అధిక భాగం గిరిజనుల కొండలే.

2. గొట్టం వేస్తే నేలకు ఏమవుతుంది?

"భూమి తీసుకోవడం లేదు కదా, కింద నుంచి గొట్టం పోతుంది, పైన వ్యవసాయం చేసుకోవచ్చు" అని అధికారులు చెబుతారు. ఈ మాటలో నిజం ఉంది. కాని అది మొత్తం నిజం కాదు.

పైపులైను వేయడానికి ఒక పట్టీలాగా నేలను చదును చేస్తారు. ఆ పట్టీలోని చెట్లు కొడతారు, కందకం తవ్వుతారు, గొట్టం దింపి పూడ్చివేస్తారు. తరువాత రైతు ఆ పట్టీలో వరి వేసుకోవచ్చు, రాగి చల్లుకోవచ్చు. కాని చెట్టు నాటకూడదు, ఇల్లు కట్టకూడదు, బావి గాని చెరువు గాని తవ్వకూడదు. మైదాన ప్రాంతంలో రెండు పంటలు పండించే రైతుకు ఇది కొంత నష్టం. చెట్టు మీద బతికే గిరిజనుడికి ఇది వేరే రకం నష్టం. ఇప్పచెట్టు, చింతచెట్టు, పనస, జీడిమామిడి, అడ్డాకు వీటిమీదే సంవత్సరంలో కొన్ని నెలల తిండి, సంతలో చేతికొచ్చే నాలుగు రూపాయలు ఆధారపడి ఉంటాయి. ఒక చింతచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పరిహారం మాత్రం ఒక్కసారే ఇస్తారు.

ఇంకా రెండు విషయాలు ఉన్నాయి. కొండ ప్రాంతాల్లో తాగునీరు ఊటల నుంచి వస్తుంది. కందకం ఆ ఊట దారిని కోస్తే నీరు ఎటు పోతుందో చెప్పలేం. రెండవది ప్రమాదం. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో భూమిలోని గ్యాస్ పైపులైను లీకై మంటలు చెలరేగాయి. ఆ ప్రమాదంలో 20 మందికి పైగా చనిపోయారు. అది గిరిజన ప్రాంతం కాదు, కోనసీమ. కాని గొట్టం గురించి ఊళ్లో పుట్టే భయం ఊహ కాదని ఆ ఉదయం తేలింది.

3. 1962 నాటి చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఇటువంటి పైపులైన్లకు ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. అది 1962లో పార్లమెంటు చేసిన పెట్రోలియం పైపులైన్ల చట్టం. 1977లో దీనిని ఖనిజాల పైపులైన్లకు కూడా వర్తింపజేశారు. చట్టంలోని ముఖ్యమైన మాట "వాడకం హక్కు". ప్రభుత్వం భూమిని కొనదు, స్వాధీనం చేసుకోదు. యజమాని యజమానిగానే ఉంటాడు. గొట్టం వేయడానికి, దానిని కాపాడుకోవడానికి కావలసిన హక్కును మాత్రమే ప్రభుత్వం తీసుకుంటుంది.

విధానం ఇలా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తుంది. ఆ తేదీ నుంచి 21 రోజుల లోపల భూమిలో ఆసక్తి ఉన్న వ్యక్తి తన అభ్యంతరం చెప్పుకోవచ్చు. సంబంధిత అధికారి విచారించి నిర్ణయిస్తాడు. తరువాత వాడకం హక్కు ప్రభుత్వానికి సంక్రమిస్తున్నట్లు ప్రకటన వెలువడుతుంది. నివాసం ఉన్న స్థలం కింద, శాశ్వత కట్టడం కింద, ఇంటిని ఆనుకుని ఉన్న స్థలం కింద గొట్టం వేయరాదు. మీటరు కంటే తక్కువ లోతులో వేయరాదు. జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలి. దానికి అదనంగా వాడకం హక్కు కోసం భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇవ్వాలి.

ఇప్పుడు ఈ చట్టాన్ని ఒక కొండ ఊరి వైపు నుంచి చదివి చూద్దాం. గెజిట్ వెలువడేది ఢిల్లీలో. ఊరిలో మాట్లాడేది కువి, కోయ, సవర, లేదా మరో భాష. 21 రోజులు గడిచిపోయిన తరువాత గాని సర్వే గుర్తురాళ్లు కనబడకపోవచ్చు. పైగా అభ్యంతరం చెప్పే హక్కు వ్యక్తికి ఇచ్చారు, ఊరికి ఇవ్వలేదు. పట్టా లేని పోడు భూమి రికార్డులో అటవీ శాఖది. ఊరంతా కలిసి వాడుకునే కొండకు, దేవత ఉన్న గుట్టకు రికార్డులో "ఆసక్తి ఉన్న వ్యక్తి" అంటూ ఎవరూ ఉండరు. చట్టం దుర్మార్గమైనది కాదు. అది పట్టా ఉన్న రైతును దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం. అంతే.

4. మన్యంలో భూమికి కంచె: 1917 నుంచి 1970 వరకు

మరి గిరిజన భూమికి వేరే రక్షణ లేదా? ఉంది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ప్రతి చట్టం వెనుకా ఒక తిరుగుబాటు గాని, తిరుగుబాటు వస్తుందన్న భయం గాని ఉంది.

1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు మీద ఆంక్షలు పెరిగాయి. మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల దగ్గర అప్పులు చేసి గిరిజనులు భూములు పోగొట్టుకున్నారు. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలలో దీనిని అడ్డుకోవడానికి బ్రిటిషు ప్రభుత్వం 1917లో ఒక చట్టం చేసింది. కొండజాతి వారి భూమి ఇతరుల చేతికి పోవాలంటే ఏజెంటు అనుమతి కావాలని అందులో ఉంది. అయినా బాధలు తీరలేదు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం పోరాటం జరిగింది. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం నేలకొరిగాడు. ఆ తరువాతే నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితిని అధ్యయనం చేయమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ను పంపింది.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగంలో ఐదవ షెడ్యూలు చేరింది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా 10 రాష్ట్రాలలో ఈ షెడ్యూల్డ్ ప్రాంతాలు ఉన్నాయి. ఐదవ షెడ్యూలు గవర్నరుకు అసాధారణమైన అధికారం ఇచ్చింది. పార్లమెంటు చేసిన చట్టమైనా సరే, షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదనో, ఫలానా మార్పులతో వర్తిస్తుందనో గవర్నరు ప్రకటించవచ్చు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, చివరలో మళ్లీ అవసరమవుతుంది.

ఈ షెడ్యూలు కింద వచ్చిందే 1959 నాటి మొదటి నిబంధన. 1963లో దీనిని తెలంగాణ ప్రాంతానికి విస్తరించారు. 1970లో సవరించారు. జనం నోట "1/70 చట్టం" గా నిలిచినది ఇదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చేస్తే అది చెల్లదు. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అన్న భావనతో విచారణ మొదలవుతుంది. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత గిరిజనేతరుడిదే.

5. ఢిల్లీలో ఒక తీర్పు: సమత, 1997

1/70 చట్టంలో ఒక సందు మిగిలింది. అమ్మేవాడు గిరిజనుడూ గిరిజనేతరుడూ కాక, ప్రభుత్వమే అయితే? విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో సరిగ్గా ఇదే జరిగింది. అటవీ భూమి ప్రభుత్వానిదని చెప్పి, గనుల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇచ్చారు. సమత అనే స్వచ్ఛంద సంస్థ గ్రామస్థుల తరఫున హైకోర్టుకు వెళ్లింది. అక్కడ 1995లో ఓడిపోయింది. కేసు ఢిల్లీలోని సుప్రీంకోర్టుకు చేరింది.

1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులోని కీలకం ఒక్క పదానికి చెప్పిన అర్థం. 1/70 చట్టంలో "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందని కోర్టు చెప్పింది. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని ప్రభుత్వం కూడా ప్రైవేటు గిరిజనేతర కంపెనీకి లీజుకు ఇవ్వరాదు. ప్రభుత్వ ఖనిజ సంస్థ గాని, గిరిజనుల సహకార సంఘం గాని తవ్వవచ్చు. ఒకవేళ తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలి.

ఈ తీర్పు చాలా పెద్ద అండ. కాని అది కొత్త సందును కూడా చూపింది. ప్రభుత్వ సంస్థ తవ్వి, ఖనిజాన్ని ప్రైవేటు కర్మాగారానికి అమ్మవచ్చు కదా అన్న ఆలోచన పుట్టింది. విశాఖ మన్యంలో బాక్సైట్ వివాదమంతా దీని చుట్టూనే తిరిగింది. 2015లో ఇచ్చిన అనుమతి ఉత్తర్వుకు వ్యతిరేకంగా ఏజెన్సీ అంతటా ఆందోళన రేగింది. చివరకు 2019లో ప్రభుత్వం ఆ లీజులను రద్దు చేసింది.

సమత తీర్పు గనుల లీజు గురించి. పైపులైను "వాడకం హక్కు" గురించి ఆ కేసులో ప్రశ్న రాలేదు. అందువల్ల మన ప్రశ్నకు జవాబు మరోచోట వెతకాలి.

6. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు

1996 డిసెంబరులో పార్లమెంటు షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించే చట్టం చేసింది. పెసా అని దానిని పిలుస్తారు. దిలీప్ సింగ్ భూరియా కమిటీ నివేదిక దానికి ఆధారం. ఊరి ఆచారాలను, వనరులను కాపాడే సామర్థ్యం గ్రామసభకు ఉందని ఆ చట్టం గుర్తించింది. భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని చెప్పింది.

ఇక్కడ రెండు మాటల తేడా జాగ్రత్తగా చూడాలి. సంప్రదించడం అంటే అడగడం. జవాబు ఏదైనా, ఆ తరువాత నిర్ణయం అడిగినవాడిదే. సమ్మతి అంటే జవాబు "వద్దు" అయితే పని ఆగాలి. పెళ్లి విషయంలో అమ్మాయిని సంప్రదించామని చెప్పడానికీ, అమ్మాయి ఒప్పుకున్నదని చెప్పడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే తేడా. పెసా మొదటిదే ఇచ్చింది.

రెండవది వచ్చింది అటవీ హక్కుల చట్టం ద్వారా. 2006 డిసెంబరులో పార్లమెంటు దానిని ఆమోదించింది, 2007 చివర అమలులోకి వచ్చింది. పోడు భూమి మీద వ్యక్తికి, అడవి మీద ఊరికి హక్కులు ఉన్నాయని ఈ చట్టం ఒప్పుకుంది. ఆ హక్కుల పరిశీలన పూర్తయ్యే దాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని చెప్పింది. అడవిని, నీటి వనరులను, తమ సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. దీని ఆధారంగా 2009 ఆగస్టు 3న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఉత్తరం పంపింది. అటవీ భూమిని ఇతర పనులకు మళ్లించే ప్రతి ప్రతిపాదనకూ హక్కుల పరిశీలన పూర్తయినట్లు, గ్రామసభ సమ్మతించినట్లు రుజువు జతచేయాలని అందులో ఉంది.

7. ఢిల్లీలో మరో తీర్పు: నియమగిరి, 2013

ఈ సమ్మతికి పరీక్ష మన పొరుగున ఒడిశాలో జరిగింది. రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న నియమగిరి కొండను డోంగ్రియా కొంధులు తమ దైవం నియమరాజు నివాసంగా కొలుస్తారు. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వి కింద లాంజిగఢ్ కర్మాగారానికి చేర్చాలన్నది పథకం. 2010లో పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు ఇచ్చింది. కొండ మీద ఈ ప్రజలకు మతపరమైన, సాంస్కృతికమైన హక్కులు ఉన్నాయా, తవ్వకం వాటిని దెబ్బతీస్తుందా అన్నది గ్రామసభలే పరిశీలించాలని చెప్పింది. జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో సభలు జరగాలన్నది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్లలో సభలు జరిగాయి. 12 ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం పథకానికి అనుమతి నిరాకరించింది.

ఇది మన న్యాయ చరిత్రలో మరపురాని ఘట్టం. అయితే కథ ఇక్కడితో ముగిసిందని అనుకుంటే పొరపాటు.

8. ఫిబ్రవరి 5, 2013 నాటి ఉత్తరం

నియమగిరి తీర్పుకు రెండు నెలల ముందు, పర్యావరణ మంత్రిత్వ శాఖ నుంచి మరో ఉత్తరం బయలుదేరింది. ఆ శాఖ అప్పట్లో ఢిల్లీ లోధీ రోడ్డు సీజీవో కాంప్లెక్స్ లోని పర్యావరణ భవన్‌లో ఉండేది. ఆ ఉత్తరం సారాంశం ఇది. రోడ్లు, కాలువలు, పైపులైన్లు, ఆప్టికల్ ఫైబర్, విద్యుత్ లైన్లు వంటి "రేఖీయ" పథకాలకు, అంటే గీత గీసినట్లు పొడవునా సాగిపోయే పథకాలకు, గ్రామసభ సమ్మతి అవసరం లేదు. ఆదిమ గిరిజన తెగలకు గుర్తింపు పొందిన హక్కులు ఉన్నచోట మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. ఒక కొండను తవ్వాలంటే ఊరిని అడగాలి. అదే కొండ మీదుగా ఖనిజాన్ని మోసే గొట్టం వేయాలంటే ఊరి సమ్మతి అక్కరలేదు. చెంచులో కొండరెడ్లో ఉన్న ఊరికి ఒక న్యాయం, పక్కనే కోయలో కొండదొరలో ఉన్న ఊరికి ఒక న్యాయం. గొట్టం మాత్రం ఒకటే.

ఇంకొక విచిత్రం ఉంది. అటవీ హక్కుల చట్టంలోనే బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, మంచినీటి సరఫరా, నీటి పైపులైను వంటి 13 రకాల సదుపాయాలకు అడవి భూమి ఇవ్వవచ్చని ఉంది. ఒక్కొక్కటి హెక్టారు కంటే తక్కువ ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే ఊరివాళ్లు తాగే నీటి కోసం చిన్న గొట్టం వేయాలంటే ఊరు సిఫారసు చేయాలి. ఊరికి ఏ సంబంధమూ లేని పెద్ద గొట్టానికి ఊరి సమ్మతి అక్కరలేదు.

ఇది ఎలా సాధ్యమైంది? సమ్మతి రుజువు కావాలన్న నిబంధన 2009లో ఒక ఉత్తరం రూపంలో వచ్చింది. 2013లో మరో ఉత్తరంతో దానిలో కొంత భాగం పోయింది. పార్లమెంటులో చర్చ జరగలేదు. ఉత్తరంతో వచ్చింది ఉత్తరంతోనే పోయింది.

అదే 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలని చెప్పింది. కాని ఆ చట్టం చివర నాలుగవ షెడ్యూలులో 13 పాత చట్టాలకు మినహాయింపు ఇచ్చారు. వాటిలో 1962 పైపులైన్ల చట్టం ఒకటి. 2015 నుంచి పరిహారం, పునరావాసం విషయంలో కొత్త చట్టాన్ని వాటికీ వర్తింపజేశారు. సమ్మతి విషయంలో వర్తింపజేయలేదు. 2022లో వచ్చిన అటవీ నియమాలు అటవీ హక్కుల అమలు చూసుకోవలసిన బాధ్యతను కేంద్రం అనుమతి తరువాత రాష్ట్రం చేయవలసిన పనిగా మార్చాయి. అనుమతి ముందే వచ్చేస్తే, ఊరిని అడగడం లాంఛనంగా మిగిలే ప్రమాదం ఉంది.

9. కెనడాలో ఇదే ప్రశ్న

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. సమత తీర్పు వచ్చిన 1997లోనే, డిసెంబరు 11న కెనడా సుప్రీంకోర్టు బ్రిటిష్ కొలంబియాలోని గిట్‌క్సాన్, వెట్సువెటెన్ అనే మూలవాసి జాతుల కేసులో తీర్పు ఇచ్చింది. మూలవాసులకు తమ నేల మీద ఉన్న హక్కు వలస పాలనతో దానంతట అది రద్దు కాలేదని, తరతరాలుగా నోటితో చెప్పుకుంటూ వచ్చిన చరిత్రను కూడా సాక్ష్యంగా తీసుకోవాలని ఆ కోర్టు చెప్పింది. అయితే ఫలానా నేల మీది హక్కు వారిదేనని తేల్చలేదు, మళ్లీ విచారణ జరపమన్నది.

రెండు దశాబ్దాల తరువాత ఆ నేల మీదుగానే 670 కిలోమీటర్ల గ్యాస్ పైపులైను తలపెట్టారు. దారిలో ఉన్న 20 మూలవాసి సంఘాల ఎన్నికైన మండళ్లు కంపెనీతో ఒప్పందాలు చేసుకున్నాయి. వెట్సువెటెన్ల వంశపారంపర్య పెద్దలు మాత్రం ఒప్పుకోలేదు. ఎన్నికైన మండలి అధికారం చిన్న రిజర్వు భూమికే పరిమితమని, జాతి మొత్తం నేల గురించి చెప్పవలసింది తామేనని వారి వాదన. కోర్టు నిషేధాజ్ఞ ఇచ్చింది. 2019, 2020, 2021లలో పోలీసులు అడ్డంకులు తొలగించి అరెస్టులు చేశారు. 2020 ఫిబ్రవరిలో వారికి మద్దతుగా కెనడా అంతటా రైళ్లు నిలిచిపోయాయి. చివరకు పైపులైను 2023లో పూర్తయింది. 2025లో ఆ వాయువుతో ఓడలు బయలుదేరాయి.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. ఊరి తరఫున మాట్లాడేది ఎవరు అన్న ప్రశ్న ముందే తేలకపోతే, సమ్మతి పత్రం చేతిలో ఉన్నా తగవు తీరదు. మన చట్టం ఈ విషయంలో కెనడా కంటే స్పష్టంగా ఉంది. సర్పంచి సంతకం కాదు, అధికారి ధ్రువపత్రం కాదు, ఊరి వయోజనులందరూ కూర్చునే గ్రామసభే మాట్లాడాలని చెప్పింది. అంత స్పష్టమైన సాధనం మన చేతిలో ఉండగా పైపులైను విషయంలో దానిని పక్కన పెట్టడం ఆలోచించవలసిన సంగతి.

2007 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనను ఆమోదించింది. ముందుగా, స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చే సమ్మతి అన్న సూత్రం అందులో ఉంది. 144 దేశాలు దానికి ఓటు వేశాయి, వాటిలో భారతదేశం ఒకటి. కెనడాతో సహా 4 దేశాలు అప్పట్లో వ్యతిరేకించాయి.

10. అవతలి వాదన

పైపులైను వేసేవారి వాదనను కూడా న్యాయంగా వినాలి. గని ఒకచోట ఉంటుంది. పైపులైను వందల ఊళ్లు దాటుతుంది. ఒక్క ఊరు వద్దంటే మిగిలిన వందల ఊళ్లు ఒప్పుకున్నా పని ఆగిపోతుంది. రోడ్డు, విద్యుత్తు కూడా గీతల్లా సాగేవే. వాటిని కోరుకునే గిరిజన గ్రామాలు ఎన్నో ఉన్నాయి. లారీల్లో మోసే ఖనిజం కంటే గొట్టంలో పోయే ఖనిజం గాలిని తక్కువ పాడుచేస్తుంది. ఇవన్నీ తీసివేయదగ్గ మాటలు కావు.

కాని ఈ వాదన తేల్చేది ఒక్కటే, అడగడం కష్టమని. అడగనక్కరలేదని కాదు. ఊరికి వచ్చే రోడ్డుకూ, ఊరి మీదుగా పోయే ఖనిజపు గొట్టానికీ ఒకే పేరు పెట్టి ఒకే మినహాయింపు ఇవ్వడంలోనే తప్పు ఉంది. మొదటిది ఊరికి ఉపయోగపడుతుంది, దానిని ఊరే అడుగుతుంది. రెండవది ఊరిని దాటిపోతుంది. కాగితం మీద రెండూ గీతలే. నేల మీద కావు. ముందుగా అడిగితే దారి మార్చుకునే వీలు కూడా ఉంటుంది. గొట్టం ఊటను తప్పించి, దేవత గుట్టను తప్పించి నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరగవచ్చు. ఎక్కడ తప్పించాలో ఊరికి తెలుసు, ఢిల్లీలోని పటానికి తెలియదు.

మార్గం లేకపోలేదు. ఐదవ షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారాన్ని ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. 2020లో మహారాష్ట్ర గవర్నరు ఈ అధికారంతోనే అటవీ హక్కుల చట్టాన్ని తమ షెడ్యూల్డ్ ప్రాంతాల వరకు సవరించి, హక్కు నిరాకరణకు గురైనవారికి అప్పీలు అవకాశం కల్పించారు. అదే దారిలో 1962 పైపులైన్ల చట్టానికి గ్రామసభ సమ్మతి అనే షరతు చేర్చడానికి రాజ్యాంగంలో వీలు ఉంది.

సారాంశం

గిరిజన భూమికి మన దేశంలో రక్షణలు ఉన్నాయి. 1/70 చట్టం అమ్మకాన్ని ఆపింది. సమత తీర్పు ప్రైవేటు గని లీజును ఆపింది. నియమగిరి తీర్పు ఊరి మాటకు విలువ ఇచ్చింది. ఇవన్నీ భూమిని "తీసుకోవడం" గురించి. పైపులైను భూమిని తీసుకోదు, దాటిపోతుంది. ఆ తేడా ఆధారంగానే అది ఈ రక్షణలలో చాలా వాటి పక్కనుంచి దాటిపోగలుగుతున్నది. తీసుకోవడం, దాటిపోవడం అన్న విభజన ఢిల్లీలో గీసినది. ఊట ఎండిపోయిన ఊరికి, చింతచెట్టు పోయిన ఇంటికి ఆ విభజన కనబడదు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. "సంప్రదింపు", "సమ్మతి" అన్న మాటలకు గల తేడాను పెసా, అటవీ హక్కుల చట్టాల ఆధారంగా వివరించండి.

2. సమత తీర్పులో "వ్యక్తి" అన్న పదానికి కోర్టు చెప్పిన అర్థం ఎందుకు ముఖ్యమైనది?

3. ఊరికి వచ్చే రోడ్డును, ఊరి మీదుగా పోయే పైపులైనును ఒకే తరగతిలో చేర్చడం సమంజసమేనా? మీ కారణాలు రాయండి.

4. మీ జిల్లాలో నేల కిందుగా పోయే పైపులైను ఏదైనా ఉందా? దాని దారిలోని ఒక ఊరికి వెళ్లి, గొట్టం వేసే ముందు తమను ఎవరు, ఏమని అడిగారో పెద్దవారిని అడిగి తెలుసుకోండి.